సోమరి కన్నుకు మారుమనస్సు

జూలై 6, సోమవారం. ఉదయం.

ఈ రోజుతో నా ఎడమ కన్నుకు సెలవులు రద్దు!

అరవై నాలుగేళ్లుగా అది నా ముఖంలో ఊరికే కాపురముంటోంది. పుట్టినప్పటి నుంచీ కొంచెం ముక్కు వైపు తిరిగి ఉంటుంది. నిద్రా పోదు, పనీ చేయదు. రంపపు మిల్లులో దుంగల పగుళ్లు చూసింది కుడి కన్ను. రేవాను చూసి పెళ్లికి ఒప్పుకున్నది కుడి కన్ను. ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఎన్నోసార్లు చదివింది కుడి కన్ను. ఎడమది పక్కన కూర్చుని చోద్యం చూసింది. అదీ సరిగ్గా చూడలేదు.

ఇప్పుడు కుడిదాని వెనక పొర చెడిపోతోందట. గీతలు వంకరగా కనిపిస్తున్నాయి. వచ్చే వసంతానికి దానితో అక్షరం చదవడం కుదరకపోవచ్చని లెక్సింగ్టన్ పట్నంలో డాక్టరు చెప్పాడు. టైరు అరిగింది, మార్చుకో అన్నంత తేలిగ్గా చెప్పాడు. వాక్యం చదవలేని బోధకుడు! మాకు జీతం లేదు, పట్టా లేదు, బైబిలు కాలేజీ లేదు. మాకున్నదల్లా తెరిచిన గ్రంథం, తెరిచిన నోరు. గ్రంథం మూసుకుపోతే మిగిలేది నోరొక్కటే. అలాంటివాళ్లు మా లోయలో ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఆ డాక్టరు నన్ను టెస్సా క్విలెన్ అనే పిల్ల దగ్గరికి పంపాడు. కళ్లకు పాఠాలు చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం.

“మీ ఎడమ కన్ను బాగానే ఉంది పాస్టర్ గారూ. దాని మాట మీ మెదడు వినడం మానేసింది, అంతే. చిన్నప్పుడెప్పుడో.”

“పాస్టర్ అనకమ్మా. జీతం తీసుకునేవాళ్లు పాస్టర్లు. సహోదరుడు వెర్లిన్ అను. వినడం మానేయడమేంటి?”

“మీ కూడికలో ఇద్దరు మాట్లాడుతుంటే గట్టిగా అరిచే ఆయన మాటే కదా అందరూ వింటారు? రెండో ఆయన చెప్పీ చెప్పీ ఊరుకుంటాడు. మీ తలకాయలో జరిగింది అదే.”

ఎనిమిదేళ్లు దాటితే మెదడులో ఆ తలుపు మూసుకుపోతుందని పాత డాక్టర్లు అనేవాళ్లట. నా తొమ్మిదో ఏట మా అమ్మకు అదే చెప్పి పంపేశారు. ఇప్పుడు చూస్తే ఆ తలుపుకు గడియ లేదట, బిగుసుకుపోయిందట. రోజూ తోస్తే కదలొచ్చట. “మాట మాత్రం ఇవ్వలేను” అంది.

నువ్వివ్వక్కర్లేదమ్మా! ఎంత ముసలి పాపి అయినా మారుమనస్సు పొందగలడని నలభై ఏళ్లుగా గొంతు చించుకుంటున్నాను. ముసలి మెదడు మారదని నేనెలా అంటాను? నికొదేముకు ప్రభువు చెప్పిందేమిటి? ముసలివాడైనా మళ్లీ పుట్టాలనే కదా!

నిర్ణయాలు:
కుడి కన్నుకు నల్ల గుడ్డ. రోజూ రెండు గంటలు.
అందులో ఒక గంట చదవడం.
ఒక గంట ఆట. (దీని సంగతి రేపు. సిగ్గుగా ఉంది.)
సాకులు లేవు. సాకు ఏదెను తోటలో పుట్టింది, ఆదాము నోట్లో. నా నోట్లో పుట్టదు.

జూలై 7, మంగళవారం.

ఆట సంగతి. టెస్సా నాకొక టాబ్లెట్ ఇచ్చింది. తెర మీద రంగురంగుల దిమ్మలు పైనుంచి పడుతుంటాయి. సందులు లేకుండా పేర్చాలి. సోమరి కన్నుకు ఇది వ్యాయామమట.

పిల్లల చేతుల్లో ఇలాంటివి సాతాను పలకలని నేను ముప్పై ప్రసంగాలు చేశాను. ముప్పై! ఇప్పుడు నల్ల గుడ్డ కట్టుకుని, వంటగది బల్ల దగ్గర కూర్చుని దిమ్మలు పేరుస్తున్నాను. బాబెలు గోపురం కట్టినవాళ్లే నాకంటే నయం, వాళ్లకు కనీసం ఇటుకలు కనిపించాయి.

రేవా బీన్స్ గిల్లుతూ తొంగి చూసింది. “ఏమయ్యా, గెలుస్తున్నావా?”

“ఇది గెలుపోటముల వ్యవహారం కాదు. వైద్యం.”

“మరి నాలుక బయటపెట్టి ఆడతావేం?”

జూలై 9, గురువారం.

అద్భుతం! గుడ్డ కట్టుకుని ఎడమ కన్నుతో మార్కు సువార్త ఎనిమిదో అధ్యాయం మొత్తం చదివాను. ఎక్కడా ఆగలేదు! మొదట అక్షరాలు దాణా చుట్టూ కోళ్లలా ఒకదాన్నొకటి తోసుకున్నాయి. రెండో వచనం నుంచి వాటంతటవే సర్దుకున్నాయి. నాలుగో రోజుకే!

ఎనిమిదో అధ్యాయం ఊరికే ఎంచుకోలేదు. బేత్సయిదా గుడ్డివాడి కథ అందులోనే ఉంది. ప్రభువు కళ్లమీద చేయి వేసి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగితే, మనుషులు చెట్లలా నడుస్తున్నారు అన్నాడు వాడు. రెండోసారి చేయి వేస్తేగానీ తేటగా కనిపించలేదు. ఆ మనిషి మీద నేను ఏళ్ల తరబడి దుమ్మెత్తిపోశాను. రెండోసారి ఎందుకు కావాల్సి వచ్చింది? విశ్వాసం చాలక! ఇదిగో నేను. ఒక్కసారికే!

ఆ టెస్సా నెలలు పడుతుందంది. చదువుకున్నవాళ్ల లెక్కలు!

జూలై 19, ఆదివారం.

కూడికలో లేచి సాక్ష్యం చెప్పాను. అరవై ఏళ్లకు పైగా చచ్చిపడి ఉన్న కన్ను లేచి గ్రంథం చదువుతోందని. ఆమెన్లు బాగానే పడ్డాయి. ఒక్క లోంజో బెగ్లీ మాత్రం పెదవి విరిచాడు. లోంజో రేవాకు తమ్ముడు, నాకు బావమరిది. వాడూ బోధకుడే. వాడి బోధ పలచటి మజ్జిగ.

బయట మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

“బావా, నీ కన్ను ఇంకా ముక్కునే చూస్తోంది మరి.”

“చూపు వేరు, చూసే దిక్కు వేరు. నీకు రెండూ సరిగ్గా ఉండి ఏం ఒరిగింది?”

“సరే, అమ్మ జ్ఞాపక కూడికలో పాట నన్ను అందించమంటావా? అక్క రాస్తున్న పాట. కొత్తది, నీకు నోటికి రాదు.”

సెప్టెంబరు రెండో ఆదివారం మా అత్త ఓమా జ్ఞాపక కూడిక. పోయిన నవంబరులో పోయింది. ఆమె కోసం రేవా పాట రాస్తోంది. మా సంఘంలో స్త్రీలు పాటలు రాస్తారు, అందించేది మగవాళ్లు. వేదిక మీద నేను కాగితం చూసి ఒక వరుస గబగబా చెప్తే, ఆ వరుసనే సంఘమంతా సాగదీసి పాడుతుంది. వాయిద్యాల్లేవు. వాళ్ల చేతుల్లో పుస్తకాల్లేవు. నేనేం అందిస్తే అదే పాట.

“నేనే అందిస్తాను” అన్నాను. “కుడి కన్నుకు గుడ్డ కట్టుకుని అందిస్తాను. అందరి ముందూ!”

అరిచాననుకుంటా. ఆవరణలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మంచిదే. సాక్షులు కావాలి.

జూలై 21, మంగళవారం.

పాట ఎంతవరకు వచ్చిందని రేవాను అడిగాను. ఒకసారి చూపించమన్నాను.

“ఆ రోజు వేదిక ఎక్కేముందు ఇస్తాను.”

“అదేంటి? చూసుకోవద్దా?”

“ముందే ఇస్తే బట్టీ పట్టేస్తావు. నీ సంగతి నాకు తెలియదా? నేను రాసింది నువ్వు చదవాలయ్యా. ఒక్కసారైనా.”

ఆ చివరి మాట అనవసరం. అయినా ఇవ్వకపోతే మానె. యోహాను సువార్త సగానికి వచ్చాను. ఎడమ కన్నుతో! గుర్రంలా పరిగెడుతోంది.

ఆగస్టు 11, మంగళవారం. లెక్సింగ్టన్ నుంచి వచ్చాక.

ఏం రాయను?

టెస్సా మొదట విడి అక్షరాలు చూపించింది. పెద్దవి, ఒక్కొక్కటి. “జూలై కంటే రెండు వరుసలు కిందికి దిగారు! కదిలింది సహోదరా!” అని చప్పట్లు కొట్టింది. సండే స్కూలు పిల్లాడికి కొట్టినట్టు.

తర్వాత ఒక అట్ట ఇచ్చింది. ఒకదానికొకటి సంబంధం లేని మాటలు వరుసగా. నాకు కనిపించింది ఒక నల్లటి కంచె. అంతే.

“ఇంట్లో బాగా చదువుతున్నానన్నారే?”

“చదువుతున్నాను! ఇదిగో!” నా గ్రంథం తీసి రిబ్బను దగ్గర తెరిచాను. మార్కు ఎనిమిది. గుడ్డ కట్టుకునే, నిలబడి, గొంతెత్తి చదివాను. నాలుగు వేలమందికి రొట్టెలు పంచడం దగ్గర మొదలుపెట్టి గుడ్డివాడి దాకా. పక్క గది వాళ్లు తొంగి చూశారు. అంత బాగా చదివాను.

ఆ పిల్ల నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పేజీ మీద మెల్లగా వేలు పెట్టింది.

“సహోదరా, ఇక్కడ రొట్టెలు లేవు. ఇక్కడున్నవి పేర్లు. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అని పేజీ నిండా పేర్లే.”

నిన్న రేవా దినవృత్తాంతాలు చదువుకుని రిబ్బను అక్కడ పెట్టింది.

“మీ కన్ను చదవడం లేదు. మీ జ్ఞాపకం చదువుతోంది. మెదడుకు ముందే తెలిసింది దొరికితే కంటిని అడగదు. నెల రోజులుగా మీ కన్ను పక్కన కూర్చునే ఉంది. మీకు తెలియనిది చదవాలి.”

“నాకు తెలియనిది చదవాల్సిన అవసరం నాకేమిటి?” అన్నాను.

గ్రంథం మూసి చంకలో పెట్టుకున్నాను. జవాబుకు ఆగలేదు.

ఇంటికొచ్చాక రేవా అడిగింది. “ఏమందామె?”

“ఆశ్చర్యపోయింది.”

అబద్ధమేం కాదు.

ఆగస్టు 13, గురువారం.

తెలియనిది చదవాలట! కోళ్ల దాణా సంచి తీశాను. పెద్ద అక్షరాలే. గుడ్డ కట్టుకుని ఒక్కో అక్షరాన్నీ తక్కినవాటి నుంచి వేలుతో వేరుచేసి, గడ్డం సంచికి ఆనించి, చెమటలు కక్కి, మొదటి మాట పట్టుకున్నాను. “గుడ్లు.”

పౌలు మూడు రోజుల్లో చూపు తెచ్చుకున్నాడు. నేను నెల పైన కష్టపడి గుడ్లు దాకా వచ్చాను.

తల పగిలిపోతోంది. ఈ రోజుకు చాలు.

ఆగస్టు 14. వర్షం. వెలుతురు చాలదు.

ఆగస్టు 15. వెలుతురు ఎక్కువ. కన్ను చెదురుతోంది.

ఆగస్టు 16, ఆదివారం. విశ్రాంతి దినం. కన్ను కూడా దేవుని సృష్టే.

ఆగస్టు 18, మంగళవారం.

వాక్యం పరిశీలించాను. ఇస్సాకు ముసలితనంలో కళ్లు మసకబారితే ఎవడైనా ఆయన చేత దిమ్మలు పేర్పించాడా? ఏలీకి చూపు తగ్గింది. యాకోబుకు తగ్గింది. ఒక్కరూ గుడ్డ కట్టుకుని దాణా సంచి చదవలేదు. పితరులకు లేని తిప్పలు నాకెందుకు? ముసలి మెదడు ఎండిన ఓక్ దుంగ. మిల్లులో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, నాకు తెలుసు. ఎండిన దుంగను వంచితే విరుగుతుంది.

(జూలై 6న ఏం రాశానో ఇప్పుడే చూశాను. నికొదేము సంగతి. ఆ పేజీ వెర్రి ఉత్సాహంతో రాసింది.)

ఆట మాత్రం మానలేదు. మానకూడదు, వైద్యం కదా. గుడ్డ కొంచెం పైకి జరిపి ఆడితే దిమ్మలు చక్కగా పడుతున్నాయి.

ఆగస్టు 23, ఆదివారం.

ఘోరం.

కూడికకు ముందు కాస్త తీరిక ఉందని ట్రక్కులో కూర్చున్నాను. గుడ్డ నుదుటి మీద ఉంది. దిమ్మలు జోరుగా పడుతున్నాయి, నేను జోరుగా పేరుస్తున్నాను. ఇంకొక్క వరుస నిండితే నా పాత లెక్క దాటేస్తాను. అద్దం మీద టకటకా చప్పుడు. లోంజో!

“బావా, ప్రార్థనలో ఉన్నావేమోనని పిలవలేదు. తలొంచుకుని ఉంటే అలా అనుకున్నా.”

“ఇది వైద్యం.”

“ఏ కన్నుకి? రెండూ తెరిచే ఉన్నాయి.”

“నీకు అర్థం కాదు లోంజో. మెదడుకు సంబంధించింది.”

“అదా! మెదడుకైతే ఆడు బావా, ఆడు. నీకు అవసరమే.”

లోపలికి వెళ్లేసరికి ముందు బెంచీ ఆడవాళ్లంతా నా నుదుటి వంకే చూస్తున్నారు. గుడ్డ తీయడం మరిచిపోయాను. రాజు కిరీటంలా ఉంది.

పొగరుబోతుల మీద బోధించాను. లోంజోను చూస్తూ బోధించాను. గొంతు పోయింది.

సెప్టెంబరు 6, ఆదివారం.

ఇంక వారం. పదిహేను రోజులుగా గుడ్డ మేకుకు వేలాడుతోంది. దాన్ని చూడకుండా కాఫీ తాగడం నేర్చుకున్నాను. మెదడు మారుతుంది, నిజమే. కళ్లెదుట ఉన్న గుడ్డను చూడకపోవడం రెండు వారాల్లోనే నేర్చేసుకుంది!

లోంజోను అందించమంటే పోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. వాడి ముఖం గుర్తొచ్చింది. పోదు.

సెప్టెంబరు 12, శనివారం.

ప్రభువా, ఇది మోసం కాదు. యుక్తి. ప్రభువే పాముల్లా వివేకులై ఉండమన్నాడు. పావురాల్లా నిష్కపటంగా ఉండమని కూడా అన్నాడు, అది తర్వాత.

గుడ్డ మధ్యలో సూదితో చిన్న చిల్లు చేశాను. ఆవగింజంత. అద్దంలో చూసుకున్నాను, ఎవరికీ తెలియదు. కుడి కన్నుతో ఆ చిల్లులోంచి క్యాలెండరు చదివాను. తేటగా ఉంది. మామూలుకంటే తేటగా!

ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండలు కదులుతాయి. ఆవగింజంత చిల్లు ఉంటే చాలు, నా పరువు నిలుస్తుంది.

సెప్టెంబరు 13, ఆదివారం. సాయంత్రం, ఎండ ఉండగానే.

జరిగింది జరిగినట్టు రాస్తాను. తర్వాత దీన్ని కూడా నా జ్ఞాపకం దిద్దుకుంటుంది. దాని బుద్ధి నాకిప్పుడు తెలుసు.

చర్చి నిండిపోయింది. పక్క లోయల నుంచి కూడా వచ్చారు. వేదిక మీద నేను, లోంజో, ఇంకో ముగ్గురు పెద్దలు. రేవా లేచి వచ్చి కాగితం నా చేతిలో పెట్టింది. “నిదానంగా చదువు” అంది. అంత మెత్తగా ఆమె నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో.

అందరి వైపూ తిరిగి, జేబులోంచి నల్ల గుడ్డ తీసి, దండ వేసుకున్నంత దర్జాగా కుడి కంటికి కట్టుకున్నాను.

చీకటి.

జరిపాను. చీకటి. ఇటు జరిపాను. కారు చీకటి. వేలుతో తడిమితే మధ్యలో చిన్న బుడిపె తగిలింది. దారం ముడి. నల్ల దారం, సన్నటి కుట్టు, ఎంత నేర్పుగా కుట్టిందంటే!

మొదటి బెంచీలో రేవా. అటు తిరిగాను. ఎడమ కన్నుకు కనిపించింది నీలం రంగు గౌనులో ఒక చెట్టు. కదలకుండా కూర్చున్న చెట్టు.

కాగితం చూశాను. కోళ్లు. దాణా చుట్టూ కోళ్లు. అందరూ ఎదురు చూస్తున్నారు. లోంజో గొంతు సవరించుకున్నాడు.

నా నోరు తెరుచుకుంది. దానికి తెరుచుకోవడం ఒక్కటే తెలుసు.

“బంగారు వీధుల్లో మా అమ్మ నడిచేనూ!”

సంఘమంతా అందుకుంది. మా పాట నత్త నడక. ఒక్కో మాటనూ కొండ మీదికి ఎత్తి లోయలోకి దింపుతారు. బం... గా... రు... అంతసేపూ నేను కాగితం వంక చూస్తూ నిలబడ్డాను. వెనక్కి తీసుకునే దారి లేదు. వాళ్లు ముగించేలోగా ఇంకొక వరుస కావాలి.

“ముత్యాల గుమ్మాన మా కొరకు నిలిచేనూ!”

అదీ పాడారు. కళ్లు మూసుకుని, కన్నీళ్లు పెట్టుకుని పాడారు. మా అత్తకు పోయేదాకా మోకాళ్ల నొప్పులే. గుమ్మం దగ్గర ఆమె ఎవరి కోసమూ నిలబడలేదు, కుర్చీ తెమ్మనేది. ఆ పాట నూరు సమాధుల మీద పాడొచ్చు. ఏ ఒక్క సమాధిదీ కాదు.

పక్కనుంచి లోంజో నా చేతిలో కాగితం వైపు వంగాడు. నిటారుగా లేచి నా ముఖం వైపు చూశాడు. వాడు ఏమీ అనకపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

మూడో వరుసకు నోరు తెరిచాను. యొర్దాను నది సిద్ధంగా ఉంది. తెల్లటి అంగీ సిద్ధంగా ఉంది. అప్పుడు మొదటి బెంచీ కిర్రుమంది. నీలం చెట్టు లేచి నిలబడింది.

“కట్టెపొయ్యి ఆరక ముందే లేచేది మా అమ్మ” అని అందించింది రేవా.

మా చర్చిలో స్త్రీ పాట అందించడం అంతవరకు ఎవరూ విని ఎరగరు. పెద్దలు బూట్లు చూసుకున్నారు. ఎవరు మొదలుపెడతారు? ఎవరో మొదలుపెట్టారు. నా పక్కనే, బండరాళ్లు దొర్లినట్టుండే గొంతు. లోంజో.

“కట్టె... పొయ్యి...”

సంఘం అందుకుంది.

“మాకన్న ముందు కోళ్లను పేరుపేరునా పిలిచేది.”

అదీ పాడారు. రెండు చరణాలు. మూడోది ఉంది గానీ రేవా గొంతు నిలవలేదు, కూర్చుంది. నేను వేదిక మీద ఒంటికన్ను కంబంలా నిలబడే ఉన్నాను. గుడ్డ తీయాలని కూడా తోచలేదు.

తర్వాత చెట్ల కింద భోజనాలు. చికెన్ డంప్లింగ్స్, బీన్స్, మొక్కజొన్న రొట్టె. నా పళ్లెం పక్కన ఎవరూ కూర్చోలేదు. లోంజో తీపి ఆపిల్ రొట్టె ముక్క తెచ్చి పెట్టి, గడ్డి మీద చతికిలబడ్డాడు.

“బావా, నీ పాట కూడా బాగానే ఉంది. మా అమ్మకు పనికిరాదు గానీ, దాచుకో. నేను పోయినప్పుడు వాడుకో.”

తిరగగొట్టడానికి ఒక్క వాక్యమూ దొరకలేదు. గ్రంథం అంతా నోటికొచ్చినవాడికి!

ట్రక్కులో ఇంటికొస్తూ రేవాను అడిగాను.

“గుడ్డ నువ్వు కుట్టావా?”

“చిల్లు పడితే కుట్టనా? పొద్దున చూశాను. పాపం, రెండు నెలలు వాడి చిరిగిందనుకున్నా.”

“రెండు నెలలు” అని మళ్లీ అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

సెప్టెంబరు 14, సోమవారం. ఉదయం.

మేకు మీది గుడ్డ తీశాను. కట్టుకున్నాను. గ్రంథాన్ని పక్క గదిలో పెట్టి తలుపు వేశాను. మొదటిసారి.

రేవా కాగితం వంటగది బల్ల మీద పరిచాను. మొదటి రెండు చరణాలు నిన్న విన్నాను, అవి పనికిరావు. నా జ్ఞాపకం అప్పుడే వాటిని మింగేసింది. మూడో చరణం ఎవరూ పాడలేదు. దాని మొదటి మాట.

“మహిమ” అన్నాను.

“కాదు” అంది రేవా, గిన్నెలు కడుగుతూ. వెనక్కి కూడా తిరగలేదు.

“పరదైసు.”

“చూసి చెప్తున్నావా, అనుకుని చెప్తున్నావా?”

అనుకునే చెప్తున్నాను. ఎప్పుడూ అంతే. బేత్సయిదా గుడ్డివాణ్ణి ఇన్నేళ్లు తిట్టిపోశానే, వాడు నాలాంటివాడు కాదు. ఏమైనా కనిపిస్తోందా అని అడిగింది సాక్షాత్తూ ప్రభువు. ఊరంతా వింటోంది. అంతా తేటగా కనిపిస్తోంది ప్రభూ, హల్లెలూయ అనొచ్చు. నేనైతే అదే అనేవాణ్ణి, పైగా పాట కూడా అందించేవాణ్ణి. వాడు మాత్రం, మనుషులు చెట్లలా ఉన్నారు అన్నాడు. కనిపించింది చెప్పాడు. అందుకే రెండోసారి చేయి పడింది.

సరే. చెట్లు. ఇక్కడ గుండ్రంగా ఒకటి. దాని పక్కన నిలువు గీత. వేలు అడ్డం పెట్టి ఒక్కో అక్షరం. కన్నీళ్లు కారాయి, అలసటతో, ఇంకెందుకో కాదు. కాఫీ చల్లారిపోయింది. రేవా కోళ్లకు మేత వేసి వచ్చి మళ్లీ గిన్నెలు పట్టింది. నేను ఇంకా ఆ మాట దగ్గరే ఉన్నాను.

“సొరబుర్ర” అన్నాను.

గిన్నెల చప్పుడు ఆగింది.

“సొరబుర్రా? పాటలోనా? జ్ఞాపక పాటలో ఎవరైనా సొరబుర్ర రాస్తారా?”

“మా అమ్మ ఊట దగ్గర వేలాడదీసేది. దారిన పోయేవాళ్లు నీళ్లు తాగడానికి. నలభై ఏళ్లు నువ్వూ దానితోనే తాగావు కదయ్యా.”

తాగాను. రెండు కళ్లూ తెరుచుకుని తాగాను. అక్కడ సొరబుర్ర ఉందని ఈ రోజు తెలిసింది.

రేవా చేతులు తుడుచుకుని ఎదురు కుర్చీలో కూర్చుంది. నా కుడి చెవి పక్కన దారం వదులైతే బిగించింది. “తర్వాతేంటి?” అంది. ఆమెకు తెలుసు, రాసింది ఆమే. అయినా అడిగింది.

నిర్ణయం. ఒక్కటే. లేవరా సోమరీ, కంటికే చెప్తున్నా, దాని యజమానికీ చెప్తున్నా. రేపటి నుంచి కాదు. రేపు అనేది కూడా సాకే. ఇప్పుడే.

రెండో మాట. పొడవుగా ఉంది. చివర్న ఏదో తోకలా ఉంది. ఏమై ఉంటుందో నోటి దాకా వచ్చింది.

చెప్పను. చూస్తున్నాను.